ఒక అట్టముక్క, ముప్పై ఆరు ఫోటోలు

కొండాపూర్,
14 జూన్ 2011.

భాగ్యక్కకు,

నెలకోసారి ఫోన్‌లో మాట్లాడుకుంటూనే ఉన్నాం కదా, ఈ ఉత్తరం ఎందుకు అనుకుంటావు. ఫోన్‌లో పంపలేని వస్తువు ఒకటి నాకు నీ నుంచి కావాలి. వాడేసిన మాత్రల షీట్లు, ఖాళీ మందు పెట్టెలు. మీ దవాఖానలో చెత్తబుట్టలోకి పోయేవే. ఎన్ని ఉంటే అన్ని పంపు.

మా కంపెనీ చేత్తో పట్టుకునే ఒక పరికరానికి సాఫ్ట్‌వేర్ రాస్తోంది. సెల్‌ఫోన్ కంటే కాస్త లావుగా ఉంటుంది. వెనక కెమెరా. మందు పెట్టె మీద ఉండే నల్ల గీతల బార్‌కోడ్ చూపిస్తే అది ఏ మందో చెప్పి, ఒక పెట్టె వచ్చినట్టు రాసుకుంటుంది. పక్కన అచ్చయిన గడువు తేదీని కూడా ఫోటో తీసి అక్షరాలుగా చదువుతుంది. చదువుతుందని రాసినవాళ్లు అంటారు. ఎక్కడ చదవలేకపోతుందో వెతికి చెప్పడం నా ఉద్యోగం. టెస్టర్ అంటారు.

ఆఫీసులో మా దగ్గర ఉన్నవి పదిహేను పెట్టెలు. అన్నీ కొత్తవి, శుభ్రమైనవి. వాటిని అది చక్కగా చదువుతుంది. నాకు నలిగినవి, తడిసినవి, చిరిగినవి కావాలి. నాన్న కాజీపేట స్టేషన్‌లో పనిచేసిన రోజుల్లో మీ దవాఖానలో మందులిచ్చే నీ గది కిటికీ దగ్గర కూర్చుని ఖాళీ షీట్లతో ఆడుకునేదాన్ని, గుర్తుందా? ఇప్పుడు అదే పనికి జీతం ఇస్తున్నారు.

అమ్మ నిన్ను అడిగినట్టు చెప్పమంది.

రసజ్ఞ


హన్మకొండ,
25 జూన్ 2011.

చిరంజీవి రసజ్ఞకు,

షీట్లు నూట పన్నెండు, పెట్టెలు ముప్పై పంపుతున్నాను. కవరు బరువు చూసి పోస్టాఫీసు ఆయన "ఏంది మేడం, చెత్తను రిజిష్టరు పోస్టుల పంపుతున్నరు?" అన్నాడు. హైదరాబాదులో చదివినవాళ్లకు కావాలట అన్నాను.

ఒక సంగతి గమనించు. షీట్‌కు ఒక కొసనే గడువు తేదీ ఉంటుంది. నాలుగు మాత్రలు కోసి ఇవ్వాలంటే నేను తేదీ లేని కొస నుంచే కోస్తాను. తేదీ ఉన్న ముక్క చివరిదాకా మా దగ్గరే ఉండాలి. పాతికేళ్లుగా ఇదే అలవాటు. మరి తేదీ లేని ముక్కను నీ మిషన్‌కు చూపిస్తే ఏమంటుంది? తెలియదని ఒప్పుకుంటుందా, ఏదో ఒకటి చెబుతుందా? మా జూనియర్ రమ్యను అడిగితే రెండోదే అంటుంది. తనలాగే ఉంటుందట.

చదువు రాని కిష్టయ్య గురించి కూడా నీకు రాయాలి. స్టోరులో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాడు. మా ట్రస్టు దవాఖానలో ఉన్న మందులన్నీ పెట్టె రంగు, సైజు, పెట్టిన చోటు చూసి గుర్తుపడతాడు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తప్పు పెట్టె తేలేదు. ఏదైనా కంపెనీ పెట్టె రంగు మారిస్తే మాత్రం వారం రోజులు అలిగి ఉంటాడు. "గీ కంపెనోళ్లకు పనిలేదా మేడం, ఉన్న రంగుకేమైంది?" అంటాడు. నీ మిషన్ రంగు చూస్తుందా, గీతలే చూస్తుందా అని అడగమన్నాడు.

భాగ్యమ్మ


కొండాపూర్,
11 జులై 2011.

భాగ్యక్కకు,

నువ్వు పంపిన కవరు మా టీమ్‌లో పండగ తెచ్చింది. మొదట నీ ప్రశ్నకు జవాబు. తేదీ లేని ముక్కలు ఇరవై చూపించాను. పదిహేడింటికి "దొరకలేదు" అంది. మూడింటికి మాత్రం బ్యాచ్ నంబరులోని అంకెలనే తేదీగా చదివింది. రమ్య చెప్పింది కొంత నిజమే. ఆ మూడు ముక్కలు మా లీడ్ శ్రీనివాసులుగారి టేబుల్ మీద పెట్టాను. ఆయనది అనంతపురం. ముక్క తిప్పి తిప్పి చూసి, "ఈ అక్కను మన కంపెనీలో చేర్చుకుంటే సగం పని అయిపోతాది" అన్నారు.

కిష్టయ్యకు చెప్పు, దానికి రంగు అక్కర్లేదు. నలుపు తెలుపుల తేడా ఉంటే చాలు. అందుకే వెండి రంగు షీట్ మీద వెలుగు పడి మెరిస్తే దానికి ఏమీ కనిపించదు. చీకట్లోనూ అంతే.

నానక్‌రామ్‌గూడలో ఒక మందుల షాపులో రెండు రోజులు పరీక్షించాం. కొండాపూర్ నుంచి షేర్ ఆటోలో పరికరాన్ని ఒళ్లో పెట్టుకుని వెళ్లాను. షాపు రామాంజనేయులుగారు గంటసేపు చూసి, "ఏం పాపా, నేను పేరు చెప్తే మావాడు మందు తీసిచ్చేసినా ఇది ఇంకా ఫోటోనే తీస్తా ఉందే" అన్నారు. ఆ వేగం కొలిచాను. ఆయన మాట నిజం. ఆయన కుర్రాడికి నాలుగు సెకన్లు, పెట్టె తీసి, గీతలు వెతికి చూపించేసరికి మాకు ఏడు.

రోజుకు మూడు వందల సార్లు స్కాన్ చేయాలి నేను. అన్ని పెట్టెలు ఎత్తి దించడం కుదరదు. అందుకని మేం పెట్టెల మీద బార్‌కోడ్ ఉన్న అట్టముక్కలు కత్తిరించి టేబుల్‌కు అతికించుకున్నాం. కూర్చున్న చోటే నొక్కుతూ పోవడమే. పరికరానికి ఒక చాదస్తం ఉంది. ఒకే కోడ్ వెంటవెంటనే రెండుసార్లు వస్తే ఆగి "ఇది ఇంకో పెట్టెనా?" అని అడుగుతుంది. అవునని నొక్కితేనే కదులుతుంది. మూడు వందల సార్లు అవును అనలేక ఆ ప్రశ్న ఆపేశాం. ఇప్పుడు హాయిగా ఉంది.

పోయిన వారం తెలంగాణ బంద్ రెండు రోజులు ఆఫీసు లేదు. బదులుగా రెండు శనివారాలు రమ్మన్నారు.

ఒక నిజమైన దవాఖానలో మూడు నెలలు వాడి చూడాలని కంపెనీ అనుకుంటోంది. మీ దవాఖాన పేరు నేను చెప్పాను. మీ సెక్రటరీగారు ఒప్పుకుంటారా?

రసజ్ఞ


హన్మకొండ,
28 ఆగస్టు 2011.

చిరంజీవి రసజ్ఞకు,

మిషన్ వచ్చి పది రోజులైంది. సెక్రటరీ విశ్వేశ్వరరావుగారు వెంటనే ఒప్పుకున్నారు. ఆయన బ్యాంకులో చేసి రిటైరై ఇక్కడికి వచ్చారు. కాకినాడ మనిషి. లెక్క సరిపోని రోజు భోజనం చేయరు. పెట్టె విప్పుతూ, "మనిషన్నాక మరిచిపోతాడండి. మిషన్ మరిచిపోదు కదండీ" అన్నారు. ఇకనుంచి స్టోరులోకి వచ్చిన పెట్టెల లెక్కకు మిషన్ చెప్పిందే ఖాయం, చేతిరాత రిజిస్టరు వద్దన్నారు. నాకు ఆ రెండోది నచ్చలేదు కానీ ఊరుకున్నాను.

స్కాన్ చేయడం కిష్టయ్యకు నేర్పాను. మొదటి పెట్టె చూపించి నొక్కాడు. బీప్ అంది.

"అంటే ఏంది మేడం?"

"చదివేసింది అని."

"నేను ముట్టంగనే సదివిందా! నన్ను మా పంతులు మూడేండ్లు కొట్టినా రాలే."

ఆ రోజు సాయంత్రం దాకా కనిపించినదల్లా చూపించాడు. సబ్బు పెట్టె, బిస్కెట్ ప్యాకెట్, రమ్య టిఫిన్ బాక్సు. టిఫిన్ బాక్సుకు బీప్ రాకపోతే "ఈమె వంట దీనికి గూడ సమజ్ గాలే" అన్నాడు. రమ్య రెండు రోజులు మాట్లాడలేదు.

నేను అడగాలనుకున్నది: ఇది ఫోటో తీసి చదువుతుంది కదా. చదివాక ఆ ఫోటో ఎక్కడికి పోతుంది?

భాగ్యమ్మ


హన్మకొండ,
2 అక్టోబరు 2011.

రసజ్ఞకు,

నీ నుంచి జవాబు రాలేదు. నువ్వు రాయలేదో, దారిలో ఆగిందో తెలియదు. బస్సులు లేవు, రైళ్లు ఎప్పుడు నడుస్తాయో తెలియదు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై ఇరవై రోజులు. సర్కారు దవాఖానలో ఓపీ లేదు. అక్కడికి పోయేవాళ్లంతా మా దగ్గరికి వస్తున్నారు. రోజుకు నూట యాభై మంది వచ్చే చోట నిన్న నాలుగు వందల పది. సింగరేణిలో బొగ్గు తవ్వడం లేదు కాబట్టి పగలంతా కరెంటు ఉండదు. జనరేటర్ నా కిటికీ కిందనే మోగుతుంది. అది ఐసీయూకే సరిపోతుంది, స్టోరులో చీకటి. లారీలు రావు. మూర్ఛ మాత్రలు ఊళ్లో ఎక్కడా లేవు. మా దవాఖాన కుర్రాళ్లు హైదరాబాదు జీడిమెట్ల దాకా మోటారుసైకిళ్ల మీద పోయి ఒక్కో పెట్టె తెస్తున్నారు. బిల్లులు తర్వాత వస్తాయట.

డ్యూటీ అయ్యాక నేనూ సమ్మెకు మద్దతుగా రోడ్డు మీద జరిగే వంటావార్పుకు పోతున్నాను. నిన్న మూడు వందల మందికి పులిహోర కలిపాం.

మీ హైటెక్ సిటీలో మా గురించి ఏమనుకుంటున్నారు? మర్యాద కోసం రాయొద్దు. విన్నది రాయి.

భాగ్యమ్మ


కొండాపూర్,
9 అక్టోబరు 2011.

భాగ్యక్కకు,

విన్నది రాస్తున్నాను. మా అంతస్తులో నూట నలభై మందిమి. క్యాంటీన్‌లో ఒక టేబుల్ దగ్గర, రాష్ట్రం వస్తే కంపెనీలు బెంగళూరు పోతాయి అన్నారు. ఇంకో టేబుల్ దగ్గర, మీరు పోతే మా ఉద్యోగాలు మాకొస్తాయి అన్నారు. రెండు టేబుళ్ల వాళ్లూ సాయంత్రం ఒకే క్యాబ్‌లో వెళ్లారు. నా పక్క సీటు అశ్వినిది మీ హుజూరాబాదు. నాతో నెల రోజులుగా ఈ విషయం ఎత్తదు. నేనూ ఎత్తను. మంచినీళ్ల సీసా మాత్రం నాదీ తనదీ ఒకటే.

ఇంటి ఓనరు "మీది ఏ ఊరమ్మా?" అని మూడోసారి అడిగారు. రేపల్లె అన్నాను. అవును, తెలుసు అన్నారు. తెలిసి ఎందుకు అడిగారో నేను అడగలేదు.

భయపడుతున్నామా అంటే, అమ్మ భయపడుతోంది. నాకు తెలుసుకోవాలని ఉంది.

మీ మిషన్ లెక్కలు నెట్ దొరికినప్పుడల్లా ఇక్కడికి వస్తున్నాయి. చీకట్లో కూడా బాగా చదువుతున్నట్టుంది. ఆశ్చర్యంగా ఉంది. అది ఎలా చేస్తున్నారో వీలైనప్పుడు రాయి.

రసజ్ఞ


హన్మకొండ,
31 అక్టోబరు 2011.

రసజ్ఞకు,

సమ్మె ఆగింది. దీపావళి మర్నాడు సెక్రటరీగారు స్టాకు తనిఖీ చేశారు. మూర్ఛ మాత్రల దగ్గర తేడా వచ్చింది. సమ్మె రోజుల్లో మిషన్ లెక్క ప్రకారం ముప్పై ఆరు పెట్టెలు వచ్చాయి. సరిచూడటానికి బిల్లులు ఇంకా రాలేదు. రోగుల చీటీల ప్రకారం వాడినవి ఇరవై. పదహారు ఉండాలి. నాలుగు ఉన్నాయి.

స్టోరు తాళం కిష్టయ్య దగ్గరే ఉంటుంది. ఆ రోజుల్లో బయట ఆ మందు దొరకలేదు కాబట్టి అమ్ముకున్నాడని నోటీసు ఇచ్చారు. పనిలోకి రావద్దన్నారు. విచారణ నవంబరు పద్దెనిమిదిన. నిజమని తేలితే తీసేస్తారు, పోలీసు కేసు కూడా పెడతారు. కిష్టయ్యకు ఇంకా రెండేళ్ల సర్వీసు ఉంది.

దవాఖానలో ఇది వేరే రంగు తీసుకుంది. ఆంధ్రా సారు తెలంగాణ వాడి మీద దొంగతనం కట్టాడని స్టాఫంతా సెక్రటరీ గది ముందు కూర్చున్నారు. నినాదాలు ఇచ్చారు. ఆయన తలుపు వేసుకుని లోపలే కూర్చున్నారు.

మీ కంపెనీ నుంచి రిపోర్టు కావాలని ఆయన రాశారట. మిషన్ ఒక పెట్టెను తప్పు చదివే వీలుందా? చూసి చెప్పు.

భాగ్యమ్మ


కొండాపూర్,
5 నవంబరు 2011.

భాగ్యక్కకు,

ఈ మాటలు ఫోన్‌లో అడగలేను. నువ్వు ఎత్తేసరికి నీ పక్కన ఎవరుంటారో తెలియదు.

ఆగస్టులో నువ్వు అడిగిన ప్రశ్నకు నేను జవాబు రాయలేదు. ఉత్తరం దారిలో ఆగిపోలేదు. రాయకూడదని కంపెనీ చెప్పింది. పరీక్ష కాలంలో ఆ మిషన్ నొక్కిన ప్రతిసారీ తీసిన ఫోటోను టైముతో సహా దాచి మాకు పంపుతుంది. మీ దవాఖానకు ఆ సంగతి చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

మూర్ఛ మాత్రల ఫోటోలు ముప్పై ఆరూ తెరిచి చూశాను. మిషన్ ఒక్కటి కూడా తప్పు చదవలేదు. కానీ ఆ ముప్పై ఆరు ఫోటోల్లో పెట్టె లేదు. ఒకే అట్టముక్క ఉంది. ఎడమ మూల చిరిగి ఉంది. రెండు వైపులా తెల్ల ప్లాస్టరుతో టేబుల్‌కు అతికించి ఉంది. దాని మీద కిటికీ ఊచ నీడ పడుతోంది. పక్కన ఒక బొటనవేలు, గోరు కింద నల్లగా నెత్తురు గడ్డకట్టి ఉంది.

ఇంకోటి. సెప్టెంబరు ఇరవై ఏడో తేదీన పదకొండు గంటల నలభై రెండు నిమిషాల ఏడో సెకనుకు ఒక ఫోటో, తొమ్మిదో సెకనుకు ఇంకోటి. రెండు సెకన్లలో ఎవరూ ఇంకో పెట్టె దించలేరు. ఇలాంటి జంటలు లెక్కపెట్టాను. పన్నెండు ఉన్నాయి. వచ్చిన పెట్టెలు ఇరవై నాలుగే అయి ఉండాలి. ఇరవై వాడారు, నాలుగు ఉన్నాయి. ఏదీ పోలేదు.

శ్రీనివాసులుగారికి చూపించాను.

"మన మిషన్ తప్పు చదివిందా?"

"లేదు సార్."

"ఇంగ మనకేం సంబంధం? చదివింది సరిగా చదివింది అని ఒక పేజీ రాసి పంపించేయ్. ఫోటోల ఊసు ఎత్తొద్దు."

ఆ ఒక పేజీలో ఉండేదంతా నిజమే. అది చదివి కిష్టయ్యను పోలీసులకు అప్పగిస్తారు.

అక్కా, ఫోటోల అంచున గులాబీ రంగు చీటీల కట్ట కనిపిస్తోంది. ఓపీ చీటీలు. అవి ఉండేది స్టోరులో కాదు, నీ టేబుల్ మీద. ఆ అట్టముక్క అక్కడికి ఎలా వచ్చింది?

రసజ్ఞ


హన్మకొండ,
9 నవంబరు 2011.

రసజ్ఞకు,

నేనే అతికించాను.

సెప్టెంబరు ఇరవై ఒకటి, బుధవారం. స్టోరు చీకటిగా ఉండి మిషన్‌కు ఏమీ కనిపించడం లేదు. వచ్చిన ప్రతి పెట్టెనూ కిటికీ దగ్గరికి తెచ్చి చూపించి మళ్లీ తీసుకుపోవాలంటే కిష్టయ్యకు అయిదు నిమిషాలు. బయట వరస రోడ్డు మీదికి పోయింది. అప్పుడు నీ జులై ఉత్తరం గుర్తొచ్చింది. అట్టముక్కలు కత్తిరించి టేబుల్‌కు అతికించుకున్నామని రాశావు చూడు, అది. కత్తెర తీసి మూర్ఛ మాత్రల మొదటి పెట్టె రెక్క కోశాను. పెట్టె స్టోరులో పెట్టి వచ్చి దీని మీద ఒకసారి నొక్కి పో అని కిష్టయ్యకు చెప్పాను. మీరు అక్కడ పరీక్ష కోసం చేసేది నేను ఇక్కడ లెక్క కోసం చేస్తున్నానన్న తేడా నాకు తట్టలేదు. కరెంటు వచ్చాక పీకి పారేశాను.

జనరేటర్ మోతలో బీప్ వినిపించక ఆయన కొన్నిసార్లు రెండుసార్లు నొక్కి ఉంటాడు. "ఇది ఇంకో పెట్టెనా" అని మిషన్ అడుగుతుందన్నావు. మా మిషన్ ఒక్కసారి కూడా అడగలేదు.

ఎందుకు చెప్పలేదని నువ్వు అడగలేదు. అడిగినట్టే చదువుకున్నాను. మొదట, మిషన్ తప్పని తేలితే అందరం బయటపడతాం అనుకున్నాను. అందుకే అలా రాశాను. తర్వాత, చెబితే నీ ఉత్తరం సంగతి కూడా చెప్పాలి కదా, నీ ఉద్యోగానికి ఇబ్బంది అనుకున్నాను. ఇది సగమే నిజం. పాతికేళ్లలో నా చేతి మీద ఒక్క తేడా రాలేదని అందరూ అంటారు. ఆ మాట పోతుందని భయం. మిగతా సగం అదీ.

ఇంకా చెడ్డది ఉంది. సెక్రటరీ గది ముందు కూర్చున్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఆంధ్రా సారు అని అరిచినప్పుడు గొంతు కలిపాను. ఆయన తప్పు లేదని ఆ గుంపులో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. మన పోరాటం నిజమైనది రసజ్ఞా. దాని వెనక దాక్కున్నాను.

విచారణ దాకా ఆగను. ఎల్లుండి సెక్రటరీగారికి చెబుతాను. నువ్వు మీ పేజీలో ఏం రాస్తావో నీ ఇష్టం.

భాగ్యమ్మ


కొండాపూర్,
12 నవంబరు 2011.

భాగ్యక్కకు,

మీ మిషన్ అడగకపోవడానికి కారణం నేను. ఆగస్టులో పంపే ముందు ఆ ప్రశ్నను మళ్లీ ఆన్ చేయాలి. పంపే పరికరాన్ని సరిచూసి సంతకం పెట్టింది నేనే. మరిచిపోయాను.

రిపోర్టు మూడు పేజీలు రాశాను. ఫోటోలు ముప్పై ఆరు, టైములతో. ప్రశ్న ఆపేసిన సంగతి, సంతకం ఎవరిదో. అట్టముక్క పద్ధతి ఎక్కడి నుంచి వెళ్లిందో చెప్పడానికి నా జులై ఉత్తరంలోని ఆ పేరా. ఫోటోలు దాస్తున్నట్టు మీకు చెప్పలేదన్నది కూడా.

శ్రీనివాసులుగారు మూడు పేజీలూ రెండుసార్లు చదివారు. తర్వాత, "నీ సంతకం కింద నాది కూడా ఉందమ్మా. అది రాయలేదే?" అన్నారు. కలిపాను. సోమవారం ఆయనే మీ సెక్రటరీగారికి పంపుతారు. మాకు ఏమవుతుందో తెలియదు. ఈ ప్రాజెక్టు నుంచి నన్ను తప్పిస్తారని అశ్విని అంది. రెండు నెలల తర్వాత తను నాతో మాట్లాడిన మొదటి పెద్ద వాక్యం అది.

ఉత్తరంతో పాటు రిపోర్టు నకలు పంపుతున్నాను. కిష్టయ్యకు చదివి వినిపించు. నేను క్షమించమని అడిగినట్టు చెప్పు.

రసజ్ఞ


హన్మకొండ,
21 నవంబరు 2011.

రసజ్ఞమ్మకు,

కిష్టయ్య చెప్పంగ మేడం రాస్తున్నది. నేను జెప్పింది జెప్పినట్టే రాయాలె అన్న.

నీ కాయితం ఇన్న. నన్ను మళ్ల పనిల పెట్టుకున్నరు. సెక్రటరీ సారు ఇంటికొచ్చిండు. "తొందరపడ్డానండి కిష్టయ్యగారూ" అన్నడు. ఇరవై రెండేండ్లల నన్ను గారు అన్నది గా ఒక్కరోజే. మేడం గూడ అందరి ముందల ఒప్పుకున్నది. మేడంను స్టోరు పని నుంచి తీసేసిన్రు, కౌంటర్ల కూసోబెట్టిన్రు. గట్ల చెయ్యుమని నేను అడగలే.

ఇరవై రోజులు ఇంట్ల కూసున్న. మా గల్లీల దుకాణమాయన నన్ను జూసి షెట్టర్ దిక్కు తిరిగి నిలబడ్డడు. దొంగ అన్నది ఒక్క నిమిషంల ఊరంత పోయింది. కాదన్నది ఇంకా మా గల్లీ దాక రాలే.

నా బొటనేలు ముప్పై ఆరు ఫోటోలల్ల ఉన్నదంట. మంచిదే. మొకం మాత్రం ఒక్కదాంట్ల లేదు. మొకం తీసుంటే ఇంకోటి కనబడేది. బీప్ ఇనపడక నేను ఊకెనే రెండోసారి నొక్కలే. ప్రతిసారి మేడం దిక్కు సూసిన. మేడం చీటీలు రాసుకుంట, తల ఎత్తకుంట, మళ్ల నొక్కు అని సెయ్యి ఊపింది. ఊపితేనే నొక్కిన. ఊపనినాడు నొక్కలే. మీ మూడు పేజీలల్ల గిది లేదు. "కిష్టయ్య రెండుసార్లు నొక్కి ఉండవచ్చు" అని ఉన్నది. గా మాట మార్చుర్రి.

నువ్వు మాఫీ అడిగినవంట. నువ్వు నాకు ఒక పని చెయ్యి. గా మిషన్ ఏం సదివిందో, ఎన్ని రాసుకున్నదో పైకి మాట్లాడేటట్టు చెయ్యి. బీప్ అంటే నాకేం ఎరుక? "మూర్ఛ గోలీలు, ఇరవై అయిదో పెట్టె" అంటే, ఇరవై నాలుగే కద అని అప్పుడే అడుగుతుంటి. సదువచ్చినోళ్లకు సూపెట్టేటిది, రానోళ్లకు ఇనిపించేటిది, రెండు పెట్టుర్రి. అయితదా, కాదా రాయి.

కిష్టయ్య

రసజ్ఞా, పైన ఉన్నవి ఆయన మాటలు. ఒక్కటీ మార్చలేదు. చెయ్యి ఊపింది నిజం. నీకు రాయలేదు, సెక్రటరీగారికీ చెప్పలేదు. రేపు చెబుతాను.

కవరు అంటించబోతే కిష్టయ్య ఆపాడు. నేను రాసింది తను చెప్పిందేనో కాదో రమ్యతో చదివించుకుంటాడట. చెయ్యి చాచి ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఈ నాలుగు ముక్కలు కూడా ఆమె ఆయనకు పైకి చదువుతుంది.

భాగ్యమ్మ